నా చేతి కొలతకు బావ చేసిన చాకు

బావ పోయాడన్న కబురు వచ్చే సమయానికి నేను ఎయిర్‌పోర్టులో ఒక పెద్దమనిషి చేత తిట్లు తింటున్నాను. ఆయన సూట్‌కేసు రాలేదు. విమానం దిగినా సామాను రానివాళ్లంతా వచ్చి నిలబడే కౌంటర్ నాది, కాబట్టి తిట్లు నాకు కొత్త కాదు. పక్క కౌంటర్ అమ్మాయి వచ్చి, ఇంటి నుంచి ఫోన్, అర్జెంటట అని చెవిలో చెప్పింది. అక్క మాట్లాడలేకపోయింది. పక్కింటామె ఫోన్ తీసుకుని, "బిడ్డా, మీ బావ లేడే. కాటేదాన్ల షెడ్డులనే కూలిపడ్డడంట. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందంట" అంది. నేను తిరిగి కౌంటర్ దగ్గరికొచ్చి, మీ సూట్‌కేసు తప్పకుండా వస్తుంది సార్ అని ఆ పెద్దమనిషికి చెప్పి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాను. ఆ మాట ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. మొదలుపెట్టిన పని వదిలేసి పోకూడదని అనిపించింది, అంతే.

బావ మా అక్క భర్త. నాన్న పోయాక అమ్మనూ నన్నూ శంషాబాద్‌లోని తన ఇంటికి తీసుకొచ్చాడు. మేము ఒకరి పంచన ఉన్నామని ఒక్కనాడూ అనుకోనివ్వలేదు. అత్తమ్మ రాకముందు ఈ ఇంట్లో పప్పుచారు రుచి ఎవరికీ తెలియదని అక్క వినేటట్టు అనేవాడు. అక్క వంటింట్లోంచే గరిటె ఎత్తి చూపించేది. అమ్మ నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాన్న పోయాక అమ్మ నవ్వడం నేను మొదట చూసింది అలాంటి ఒక పూటే.

కాటేదాన్‌లో ఆయనకు ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పాత లేత్ మిషన్ ఉండేవి. వారమంతా చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు కావలసిన పిన్నులూ బుష్‌లూ చేసిచ్చేవాడు. ఆదివారం మాత్రం తన కోసం మడత చాకులు చేసుకునేవాడు. జేబులో పట్టేవి, బొటనవేలితో తోస్తే తెరుచుకునేవి, మళ్లీ పిడిలోకి మడుచుకునేవి. ఇంట్లో కూరగాయలకు పనికిరావు, బయట కట్టెలకు పనికిరావు. మరెందుకు బావా అని అడిగితే ముందు చేతిలో ఉన్న చాకు మూసేవాడు. ఎవరు ఏమడిగినా అంతే, చాకు మూశాకే జవాబు. ఆ జవాబు కూడా "ఊకె" అని ఒక్క ముక్క. కొందరు పావురాలు పెంచుతారు, కొందరు పాత గడియారాలు పోగేస్తారు, మా బావకు ఇదొక పిచ్చి. విప్పడం, నూనె పెట్టడం, బిగించడం, ప్యాంటు ఎడమ తొడ మీద తుడవడం. ఆయన ప్యాంట్లన్నిటికీ ఎడమ తొడ మీద నల్ల మరక ఉండేది. వాటిని ఉతికి ఉతికి అక్క ఆ చాకులన్నిటినీ శపించేది.

పిచ్చి ఒక్కరికే ఉంటే ఇంట్లోవాళ్లు మాన్పించగలరు. బావకు జతగాళ్లు కూడా కుదిరారు. ఒకాయన మిలిటరీలో రిటైరై రాజేంద్రనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు, అందరికీ మిలిటరీ అన్న. ఇంకొకాయన మా బజారులో మటన్ దుకాణం నడిపే చాచా. ఆదివారం పొద్దటి గిరాకీ తగ్గగానే దుకాణం కొడుకు మీద వదిలేసి షెడ్డుకు వచ్చేవాడు. ముగ్గురూ స్టూళ్లు వేసుకుని, ఫోన్లో ఏదో దేశపు చాకు వీడియో పెట్టుకుని కూర్చునేవారు. పిడి బాగుందని ఒకరంటే కీలు చెడగొట్టాడని ఇంకొకరు. పిల్లను చూసొచ్చిన పెళ్లివారు కూడా అంత వివరంగా మాట్లాడుకోరు. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఆ మాటలు నా చెవిన పడేవి, నేను తల కొట్టుకుని వచ్చేసేదాన్ని.

వాళ్లలో ఒక పట్టింపు ఉండేది. చాకును చేతిలోంచి చేతికి ఇచ్చుకునేవారు కాదు. అలా ఇస్తే ఇద్దరి మధ్య పంచాయితీ పడుతుందని మా వైపు ఇళ్లలో అంటారు. ఒకరు బల్ల మీద పరిచిన తువ్వాల మీద పెట్టాలి, ఇంకొకరు అక్కడి నుంచి తీసుకోవాలి. చాచా అందరికంటే నిష్ఠగా పాటించేవాడు. ఇంత జాగ్రత్త పడినా వాళ్లు పోట్లాడుకోని ఆదివారం నాకు గుర్తులేదు.

ఆ రోజుల్లోనే నాకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చింది. డిగ్రీ అయ్యాక చాలాకాలం ఖాళీగా ఉండి, పెళ్లి సంబంధాల వాళ్లకు చాయ్ ఇచ్చి ఇచ్చి విసిగిపోయినదాన్ని. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని బస్సెక్కిన మొదటి రోజు నన్ను ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసుకున్నాను. షిఫ్టులు మారుతుండేవి. తెల్లవారుజామున వెళ్లాల్సి వస్తే కంపెనీ కారు ఇంటి ముందుకు వచ్చేది. సాయంత్రం దిగే షిఫ్టుకు ఆ సౌకర్యం లేదు. బస్సులో వచ్చి హైవే మీద దిగి, మా కాలనీ దాకా నడవాలి. అప్పటికి ఆ దారి పొడుగునా ప్లాట్లే. హద్దురాళ్లు, వాటి మధ్య సగం లేచి ఆగిపోయిన ఇళ్లు. కరెంటు స్తంభాలు పాతారు గాని దీపాలు పెట్టలేదు. నేను దిగేసరికి పొద్దు గుంకి ఉండేది.

ఒకరోజు బండి మీద ఇద్దరు నా వెనకే మెల్లగా వచ్చారు. ఏమన్నారో ఇక్కడ రాయను. మర్నాడు మళ్లీ వచ్చారు. ఈసారి బండి నాకు అడ్డంగా ఆపి, దారి ఇవ్వకుండా నవ్వుతూ కూర్చున్నారు. ఇంతలో నీళ్ల ట్యాంకర్ ఒకటి ఎదురుగా రావడంతో తప్పుకున్నారు. నేను ఇంటి దాకా పరుగెత్తాను. అక్కకు మాత్రమే చెప్పాను, అక్క అమ్మకు చెప్పింది.

అమ్మ అప్పటికప్పుడే తేల్చేసింది. "ఉద్యోగం బంద్ చెయ్యి. తిండికి లేక సస్తున్నమా మనం?" అంది. పోలీసులకు చెబుదామని బావ అంటే, పిల్ల పేరు బజార్న పడుతుంది, వద్దంటే వద్దు అని కూర్చుంది. నేను ఏడ్చాను. భయంతో వచ్చిన ఏడుపు కాదది. వెధవ పని చేసింది వాళ్లు, ఇంట్లో కూర్చోవలసింది నేను. ఆ కోపంతో అన్నం కూడా తినలేదు. బావ కంచం ముందు తల వంచుకుని అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "అత్తమ్మా, దసరా దాంక టైమియ్యి. అప్పటి దాంక ఆ షిఫ్టు ఇంకొకలతోని మార్చుకుంటది. ఏదన్న చేస్త" అన్నాడు. అమ్మకు ఆయన మాట తీసేయడం చేతకాదు. సరే, దసరా దాకా చూస్తానంది.

బావ చేస్తానన్న ఆ 'ఏదన్న' ఏమిటో ఆ ఆదివారమే తెలిసింది. మిలిటరీ అన్న ఫోన్లో ఒక కొత్త చాకు చూపించాడు. ఎప్పటినుంచో వస్తున్న మడత చాకునే పై దేశపు కంపెనీ ఒకటి ఆత్మరక్షణ కోసమని మార్చి చేసిందట. నల్లగా, లావుగా, వేలు దూర్చుకోవడానికి రింగుతో ఉంది. ముగ్గురూ తలలు ఒకచోట చేర్చి దాన్ని ముందుకీ వెనక్కీ చూశారు. చివరికి బావ, ఇది మొగవాడి చేతికి చేసిన వస్తువు, దీంతో మన పిల్లకు లాభం లేదని తీర్పు చెప్పాడు. తన పాత చాకుల్లోనే ఒకదాన్ని నా కోసం మళ్లీ మొదటి నుంచి చేస్తానన్నాడు.

నన్ను పిలిపించి, అట్టముక్క మీద నా అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీశారు. ఆ చేతి బొమ్మను షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. దాని ముందు నిలబడి ముగ్గురు మగవాళ్లు ముఖాలు గంభీరంగా పెట్టి చర్చించుకుంటుంటే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. చెయ్యి నాది, భయం నాది, దారి నాది. నన్ను మాత్రం ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

చర్చలు ఎన్ని రకాలో. తెరుచుకునేటప్పుడు టక్కుమని చప్పుడు రావాలి, ఆ చప్పుడుకే ఎదుటివాడు సగం చస్తాడని మిలిటరీ అన్న. చప్పుడెందుకు, మంచి కత్తి గమ్మున తన పని చేసుకోవాలని చాచా. మిలిటరీలో నువ్వు చేసింది స్టోర్ డ్యూటీయే కదా, ఎవడిని పొడిచినవని చాచా అడిగితే, మేకలు ఎదురు తిరగవు కదా, నీకేం తెలుసని మిలిటరీ అన్న. బ్లేడు పొడుగు మీద ఇంకో పోట్లాట. పొడుగుంటే తీసినవాళ్లకే భయమవుతుందని బావ చిన్నగానే ఉంచాడు. ఇద్దరి మాటా పూర్తిగా వినేవాడు గాని, ఆకురాయి మీద చెయ్యి మాత్రం తన ఆలోచన ప్రకారమే నడిచేది.

ఒకసారి నేనే ఉండబట్టలేక, పిడి మూల నా గాజులకు తట్టుకుంటుంది బావా అన్నాను. ముగ్గురూ నా వైపు తిరిగి, గోడ మీద ఉన్న చెయ్యి మాట్లాడినట్టు చూశారు. బావ ఆ మూల అరగదీయడం మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని తువ్వాల మీద పెట్టి, తెరిచి మూసి చూడమన్నాడు. తెరవడం వచ్చింది. మూసేటప్పుడు వేలు అడ్డం పెట్టి గభాల్న తీసేశాను. అప్పుడాయన అన్న మాట నాకు బాగా గుర్తు.

"తెరుసుడు ఎవలన్న తెరుస్తరు పిల్లా. భయపడ్డ చెయ్యి గూడ ఏలు తెగకుంట మూయాలె. గది మంచి చాకంటే."

అందుకోసమే, తెరిచిన బ్లేడును కదలకుండా పట్టి ఉంచే లాకును విప్పి ఎన్నిసార్లు మళ్లీ చేశాడో. మధ్యలో మిలిటరీ అన్న నాకు శిక్షణ కూడా ఇచ్చాడు. చాచా తలకు తువ్వాల చుట్టుకుని రౌడీ వేషం వేశాడు. మీదికి వస్తూ వస్తూ కాలు జారి ఇనుప పొట్టు డబ్బాలో కూర్చున్నాడు. ఆయన లుంగీలోంచి పొట్టు ఏరడంతో ఆనాటి శిక్షణ ముగిసింది.

చాకు దసరాకు తయారైంది. బావ లేత్ మిషన్ కడిగి, బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టాడు. ఉలులూ సుత్తులూ వరుసగా పరిచి, వాటి మధ్య ఒక పళ్లెంలో ఆ చిన్న చాకు పెట్టాడు. చాచా ఉతికిన తెల్లబట్టలు వేసుకుని వచ్చి, పూజ అయ్యేదాకా బయట నిలబడి, కొబ్బరి ముక్క మాత్రం అందరికంటే ముందు అడిగి తీసుకున్నాడు. అమ్మ కూడా వచ్చింది. బావ పళ్లెం నా ముందుకు జరిపాడు. చాకు తీసుకుంటే అది నా గుప్పిట్లో సరిగ్గా కూర్చుంది. నా చేతి కోసమని ఎవరైనా ఒక వస్తువు చేయడం అదే మొదటిసారి. నేను తెరవడం, మూయడం అమ్మ కన్నార్పకుండా చూసింది. "సరే, పో డ్యూటీకి. గది మాత్రం బ్యాగుల ఎప్పటికి ఉండాలె" అంది. నా ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం షిఫ్టు మళ్లీ మొదలైన రోజు చాకు సంచి పక్క జేబులో పెట్టుకుని, తల ఎత్తుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. సిబ్బంది గేటు ముందు వరుసలో నిలబడ్డాను. లోపల పనిచేసే ప్రతి ఒక్కరి సంచీ అక్కడ మిషన్‌లో వేసి చూస్తారు. గేటు పక్కన ఒక బోర్డు ఉంటుంది, తీసుకురాకూడని వస్తువుల బొమ్మలతో. అన్నిటికంటే పైన, ఎర్ర గీత కొట్టి ఉన్నది మడత చాకు.

రోజూ ఆ బోర్డు ముందు నుంచే పోతాను. గోళ్ల కత్తెర తీసేసుకున్నారని లబలబలాడే ప్రయాణికులకు నచ్చజెప్పేది నేనే. మిలిటరీ అన్న ఏ గేటు దగ్గర ఏం తనిఖీ చేస్తారో గంటలకొద్దీ చెప్పగలడు. అన్ని ఆదివారాలు గాజుల గురించి, కీలు గురించి, చప్పుడు గురించి మాట్లాడుకున్నాం. నేను పనిచేసేది ఎయిర్‌పోర్టులో అన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. వరుసలోంచి మెల్లగా పక్కకు జరిగి, రోడ్డు మీదికి వచ్చి బావకు ఫోన్ చేశాను.

"బావా, గేటు కాడ బ్యాగు చూస్తరు."

అవతల లేత్ మిషన్ చప్పుడు ఆగింది. "రోజు చూస్తరా?"

"రోజు చూస్తరు."

"ఆడనే ఉండు, వస్తున్న" అని ఫోన్ పెట్టేశాడు.

స్కూటర్ మీద వచ్చాడు, చేతులకు గ్రీజు కూడా తుడుచుకోలేదు. చాకు స్కూటర్ సీటు మీద పెట్టాను, తీసుకున్నాడు. దాని వైపు చూశాడు, దూరంగా గేటు వైపు చూశాడు, నవ్వడం మొదలుపెట్టాడు. హ్యాండిల్ పట్టుకుని వంగిపోయి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్లగానే అమ్మకు తెలుస్తుంది, రేపటి నుంచి ఇంట్లో కూర్చుంటాను, నీకు నవ్వులాటగా ఉందా అని అరిచాను. నవ్వు ఆపేశాడు. చాకు మూసి ఉందో లేదో చూసుకుని జేబులో వేసుకున్నాడు.

"అత్తమ్మకు ఏం చెప్పకు. నువ్వు డ్యూటీకి పో" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సు దిగాను. సంచిలో చాకు లేదు. ఉన్నా తీసేదాన్నో లేదో తెలియదు గాని, లేకపోవడం మాత్రం బాగా తెలుస్తోంది. దారి మలుపు తిరగగానే గొంతులు వినపడ్డాయి. దారి సగంలో, ఇళ్లు కట్టే కూలీల కోసం పెట్టిన చాయ్ డబ్బా ఒకటి ఉంది. దాన్ని నడిపే ఆయన చీకటి పడేలోపే మూసేసేవాడు. ఆ రోజు మాత్రం బల్బు వెలుగుతోంది. డబ్బా ముందు రాళ్ల మీద వేసిన బండ మీద బావ, మిలిటరీ అన్న, చాచా కూర్చున్నారు. మధ్యలో తువ్వాల, తువ్వాల మీద నా చాకు. దాని లాకు ఎత్తు గురించి ఊరంతా వినేటట్టు కొట్లాడుకుంటున్నారు.

"ఏంది బావా, ఈడున్నరు?" అన్నాను.

బావ చాకు మూశాడు. "ఈడ చాయ్ మంచిగుంటదంటే వచ్చినం."

కాటేదాన్ నుంచి ఒకరు, రాజేంద్రనగర్ నుంచి ఒకరు, ఆ చాయ్ కోసం వచ్చారట. నాకూ ఒక గ్లాసు ఇప్పించాడు. వేడిగా ఉందన్న మాట తప్ప దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. తాగాక వాళ్లు కూడా నాతో లేస్తారేమోనని చూశాను. ఎవరూ లేవలేదు. "నువ్వు నడువు, మాకు జర పనుంది" అన్నాడు బావ. నేను ఒక్కదాన్నే నడిచాను. వాళ్ల అరుపులు మా ఇంటి గేటు దాకా నా వెనకే వినిపించాయి. ఎవరినో వెంట పెట్టుకుని నడిచే ఖర్మ నాకు పట్టకూడదని ఆయన అలా చేశాడని నడుస్తుండగానే అర్థమైంది. అంతవరకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ దారిలోనే పోయింది.

నా కోసమే కూర్చుంటున్నావు కదా అని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. నాకు సెలవు ఉన్న ఒక సాయంత్రం కిరాణా దుకాణానికని అటు వెళ్తే బండ ఖాళీగా ఉంది, డబ్బా మూస్తున్నారు. మా బావ వాళ్లు రాలేదా అన్నాను. "నీకియ్యాల డ్యూటీ లేదు కద అక్కా, ఎందుకొస్తరు?" అన్నాడు చాయ్ ఆయన. ఈ సంగతి బావకు చెబితే, వాడికి నోరు ఆగదు అన్నాడు, అంతే.

బండి మీది ఇద్దరూ ఒకసారి వచ్చారు. నేను అప్పుడే బండ దగ్గరికి చేరాను. బండి నెమ్మదించింది. మిలిటరీ అన్న, చాచా పిడి మీద గీతలు పొడుగ్గా ఉండాలా అడ్డంగా ఉండాలా అని ఒకరి మీద ఒకరు లేస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ తల ఎత్తలేదు. బావ ఒక్కడే వాళ్ల వైపు చూశాడు. లేవలేదు, చూస్తూ కూర్చున్నాడు. బండి కాసేపు అక్కడే గుడగుడలాడి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నడూ రాలేదు. సంగతి తెలిశాక మిలిటరీ అన్న తల పట్టుకున్నాడు. "ఎప్పుడొచ్చిండ్రు? నాకొక మాట చెప్పొద్దానయ్యా?" అని చాలా రోజులు సణిగాడు. నాకు అంతకుముందు గేటు దగ్గర రాని నవ్వు అప్పుడు వచ్చింది.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. దారిలో దీపాలు వచ్చాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. నాకు పెళ్లయింది, అదే కాలనీలో కిరాయి ఇల్లు తీసుకున్నాం. ఆ బండ మీద కూర్చోవడం మాత్రం ఆగలేదు. చాకును కూడా మారుస్తూనే ఉన్నారు. పిడికి కొత్త చెక్క, కీలుకు కొత్త పిన్ను. అది చేసిన యుద్ధమల్లా జామకాయలు కోయడం, సిమెంటు సంచుల మూతులు విప్పడం, ఒకసారి చాయ్ ఆయన కూతురి పుట్టినరోజు కేకు కోయడం. ఆటోవాళ్లూ ప్లాట్ల కాపలావాళ్లూ కూడా వచ్చి కూర్చుని తీర్పులు చెప్పేవారు. ఇంక దీపాలొచ్చినయి కద బావా, ఎందుకు ఇంకా అని ఏడిపించేదాన్ని. చాకు మూసి, "పిడి ఇంక కుదరలేదు పిల్లా" అనేవాడు.

ఆయన పోయిన వారంలో ఇల్లంతా చుట్టాలు. అక్క ఒక మూల కూర్చుని ఉంది. బావ జేబులో దొరికిన చాకును తెచ్చి, చాప మీద నా ముందు పెట్టి, నీ చేతి కొలతది, నువ్వే ఉంచుకో అంది. నేను ఏడుస్తుంటే అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పాను అమ్మా, మొదటి రోజు గేటు దాకా తప్ప ఈ చాకు నా సంచిలో ఎన్నడూ లేదు అన్నాను.

"నాకెర్క లేదా?" అంది అమ్మ. "నీ అన్నం డబ్బా బ్యాగుల పెట్టింది నేను కాదా?"

"మరి ఉద్యోగం మానెయ్యమని ఎందుకనలే?"

అమ్మ చాలాసేపు కళ్లు తుడుచుకుంది. "ఒకనాడు నీకు ఎదురొద్దమని ఆ తొవ్వల వచ్చిన. మీ బావ బండ మీద కూసున్నడు. నన్ను చూసి, ఏం కాదు ఇంటికి పో అత్తమ్మా అని చెయ్యి ఊపిండు. ఇగ నేనేమంట?" అంది.

నేను ఆయనకు కృతజ్ఞతలు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబోతే నవ్వులాటలోకి మళ్లించేవాడు. నా ఉద్యోగం, ఆ ఉద్యోగంతో వచ్చిన నా ధైర్యం, ఈరోజు ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్నానన్న తృప్తి, అన్నిటికీ ఆయనే కారణం. ఒక మనిషి నా కోసం ఏళ్ల తరబడి బాగాలేని చాయ్ తాగాడు. ఇంతకంటే గొప్పగా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

దినాలు అయ్యాక మొన్న మొదటిసారి సాయంత్రం షిఫ్టుకు వెళ్లి వచ్చాను. బస్సు దిగి మలుపు తిరిగితే గొంతులేవీ వినపడలేదు. మిలిటరీ అన్న, చాచా బండ మీద కూర్చునే ఉన్నారు. ఇద్దరి మధ్యా చాయ్ గ్లాసులు చల్లారిపోయి ఉన్నాయి. నన్ను చూసి కూర్చో బిడ్డా అన్నాడు చాచా. బావ లేకుండా ఆ బండ మీద కూర్చోవడం ఇదే మొదలు, నాకు లేచి పారిపోవాలనిపించింది.

అప్పుడు మలుపు దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. నేను దిగిన బస్సే అనుకుంటాను. మెడలో మా ఎయిర్‌పోర్టు కార్డే, కొత్తది. ఎడమచేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని గట్టిగా మాట్లాడుతూ వస్తోంది, అవతలి మాట వినడానికి మాత్రం ఒక్కసారీ ఆగడం లేదు. అవతల ఎవరూ లేరని నాకు తెలుసు, ఆ పని నేనూ చేశాను. బండ మీద మనుషులను చూసి నడక తగ్గించింది.

నేను మిలిటరీ అన్న వైపు తిరిగి, బాగా వినపడేటట్టు అడిగాను. "అన్నా, ఎడమ చెయ్యి వాటం ఉన్నోళ్లు ఆ చాకు ఎట్ల తెరుస్తరు?"

ఆయన తల ఎత్తాడు. ఇన్నేళ్లలో ఎవరూ అనుకోని సంగతి అది. "లాకు అటు దిక్కు మార్చాలె" అన్నాడు నెమ్మదిగా.

"లాకు మారిస్తే కీలు ఏం కావాలె? నీకు దిమాక్ ఉందా?" అన్నాడు చాచా.

"కీలు గూడ మారుస్తం. ఏమైతది?"

"ఏమైతదా? మొత్తం చాకే ఖరాబైతది."

మిలిటరీ అన్న లేచి నిలబడ్డాడు, చాచా కూడా లేచాడు. చాయ్ ఆయన ఏమైందోనని డబ్బాలోంచి తొంగి చూశాడు. ఆ అమ్మాయి మా ముందుకు వచ్చింది. నా మెడలో కార్డు చూసింది, చేతులు ఊపుతూ అరుచుకుంటున్న ముసలాళ్లిద్దరినీ చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు కదిలింది. మమ్మల్ని దాటుకుని కాలనీ వైపు నడిచింది.

"జర గట్టిగ చెప్పు చాచా, నాకు ఇనొస్తలేదు" అన్నాను.

చాచా ఇంకా గొంతు పెంచాడు. దూరంగా ఆ పిల్ల ఫోన్ చెవి మీది నుంచి తీసి సంచిలో వేసుకుని, చేతులు ఊపుకుంటూ నడిచిపోయింది.